రేవు దగ్గర ఆమె అన్న మాట

అసూయ దాచుకుని రాస్తే మొదటి పేరాలోనే దొరికిపోతాను, అందుకని ముందే ఒప్పేసుకుంటున్నాను. దంతెవాడలో శాలిని అనే అమ్మాయి ఉంది. భోపాల్‌పట్నం తెలుగు వాళ్ళ పిల్ల, కాలేజీలో పాఠాలు చెబుతుంది. నెలకో ఆదివారం అద్దె గదిలో తెల్ల దుప్పటి కట్టి, చిన్న ప్రొజెక్టరు పెట్టి సినిమాలు వేస్తుంది. ఒక నెల పాతది, ఒక నెల కొత్తది. అయిపోయాక పాతిక ముప్ఫై మంది గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటారు. ఈ కథలో ఎవరు ఎవర్ని నిజంగా ప్రేమించారు, ఎవరి ప్రేమని దాచేశారు, ఎవర్ని చూపించి జనాన్ని నవ్వించారు అని. మగవాణ్ణి ప్రేమించే మగవాడు, ఆడదాన్ని ప్రేమించే ఆడది, ఆడా మగా అన్న గీతలో ఇమడని వాళ్ళు, వీళ్ళ వైపు నుంచి సినిమాని చూడటం అన్నమాట. దాన్ని క్వీర్ చూపు అంటారట. ఆ మాట నాకు అరవై దాటాక తెలిసింది. చూపు మాత్రం పద్దెనిమిదో ఏట నుంచీ ఉంది.

శాలిని పక్కన ఆమె ప్రేమించిన అమ్మాయి కూర్చుంటుంది. అందరి ముందూ, మామూలుగా, ఒకే పల్లెంలో మిర్చీబజ్జీ తింటూ. మొదటిసారి చూసినప్పుడు నాకు సంతోషం కలిగిందని చెబితే అబద్ధం. కడుపు మండింది.

"బాబాయ్, మా వాళ్ళు ఊళ్ళల్లో కూడా ఇట్లనే సినిమాలు వేసి మాట్లాడించాలనుకుంటున్నరు. మీరు అంత కాలం జనానికి సినిమా చెప్పిన మనిషి. మీ పని ఏందో, ఎట్లా చేశారో రాసియ్యండి" అంది శాలిని. రాస్తున్నాను. అయితే ఇందులో నేను చేసిన ఒక తప్పు ఉంది. దాని వల్ల ఇద్దరు మనుషుల బతుకు చెడిందని ముప్ఫై ఏళ్ళు నమ్మాను. అది తీసేసి మిగతాది రాస్తే మీకు పనికిరాదు.

పని ఏమిటంటే

ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊరు కొంటలో, శబరి ఏటి ఒడ్డుకు పోయే దారిలో రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అదే మా సినిమా హాలు. భద్రాచలం వైపు నుంచి తెలుగు సినిమాలు, జగ్దల్‌పూర్ వైపు నుంచి హిందీ సినిమాలు వచ్చేవి. సంత రోజు మ్యాట్నీకి మాత్రం హాలు నిండా అడవి ఊళ్ళ దోర్ల గిరిజనులు ఉండేవాళ్ళు. చింతపండు, ఇప్పపువ్వు, చీపుర్లు అమ్ముకుని, బస్సుకి ఇంకా టైముందని లోపలికి వచ్చేవాళ్ళు. వాళ్ళ మాట దోర్లీ. తెర మీద మాట తెలుగో హిందీయో. తెర పక్కన స్టూలేసుకుని, మైకు పట్టుకుని, ఆ మాటలన్నీ దోర్లీలో చెప్పడం నా ఉద్యోగం. మా నాన్న కిరాణా దుకాణంలో తూకం దగ్గర కూర్చుని నేర్చుకున్న భాష అది. సూర్యం అనే నా పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరికీ మైకయ్యనే.

ఇరవై రెండేళ్ళు చేశాను. ప్రమోషన్ అంటే స్టూలు పోయి కుర్చీ రావడం. అది పనిలో చేరిన పదిహేనో ఏట వచ్చింది.

మొదటి నెల నేను తెర మీద ఉన్నదంతా చెప్పేవాణ్ణి. ఇప్పుడు గుర్రం ఎక్కాడు, ఇప్పుడు దిగాడు, ఇప్పుడు ఏడుస్తోంది అని. హాలు యజమానిని అందరం సేట్ అనేవాళ్ళం. ఒకరోజు ఆయన పిలిచి కూర్చోబెట్టాడు.

"సూర్యం, వాళ్ళకు కండ్లున్నయిరా. కనబడేది నువ్వు చెప్పకు. వినబడి అర్థం కానిది చెప్పు. పాటొస్తే నోరు మూసుకో."

ఈ పనికి ఇంతకు మించిన పాఠం నాకు ఇంకెవరూ చెప్పలేదు. మీరు కూడా రాసిపెట్టుకోండి. మీ ముందు కూర్చున్న వాళ్ళకి కళ్ళున్నాయి. ఇద్దరు స్నేహితులు ఒకరినొకరు ఎలా చూసుకున్నారో మీరు విప్పి చెప్పాల్సిన పని లేదు, వాళ్ళు ముందే చూసి ఉంటారు. చూశామని చెప్పుకునే చోటు లేక ఊరుకుని ఉంటారు.

సేట్ ఇంకో పాఠం కూడా చెప్పాడు. అప్పటి సినిమాల్లో నడుము తిప్పుతూ, చేతులు ఊపుతూ ఒక మగ పాత్ర తప్పకుండా ఉండేది. హీరో వాణ్ణి ఒక చెంపదెబ్బ కొట్టేవాడు, జనం నవ్వేవాళ్ళు. "ఆ ఆడంగి వేషం వచ్చినప్పుడు నువ్వు నాలుగు మాటలు ఎక్కువ వెయ్యి. నవ్వు రావాలె" అన్నాడు సేట్. వేశాను. గొంతు సన్నం చేసి, సాగదీసి, తెర మీద లేని బూతులు కూడా కలిపి వేశాను. ఈలలు పడేవి. సేట్‌ని తిట్టడం లేదు, ఆయన అడిగిందే అడిగాడు. ఆ పని కొంట మొత్తంలో నాకన్నా బాగా చేసేవాడు లేడు. ఎందుకంటే ఆ నడక, ఆ గొంతు, నేను ఇంట్లో తలుపేసుకుని దాచుకున్నవే.

పాతవీ కొత్తవీ

శాలిని గదిలో ఒకసారి ఎవరో అడిగారు, పాత సినిమాల్లో మనవాళ్ళు లేరు కదా అని. లేకపోవడమేమిటి! పాత సినిమా నిండా మనవాళ్ళే. హీరో హీరోయిన్‌ని ముట్టుకోవాలంటే పువ్వులు అడ్డం రావాలి, స్నేహితుణ్ణి మాత్రం రీలుకోసారి గుండెలకు హత్తుకోవచ్చు. స్నేహితుడు క్లైమాక్సులో గుండు దెబ్బ తిని హీరో ఒళ్ళో తల పెట్టుకుని చచ్చిపోతాడు. హీరో ఆ ఏడుపు హీరోయిన్ కోసం ఏనాడూ ఏడవలేదు. నేను అక్కడ మైకులో "అన్నా తమ్ముడూ లాంటి వాళ్ళు" అని ఒక మాట కలిపేవాణ్ణి. సినిమాలో ఆ మాట ఉండేది కాదు. ఎవరూ ఏమీ అనుకోకుండా ముందుగా నేనే ఒక దుప్పటి కప్పేవాణ్ణి.

ఆ చచ్చిపోయే స్నేహితుణ్ణి చూస్తే కూడా నాకు అసూయగానే ఉండేది. చస్తే చచ్చాడు, తల పెట్టుకోవడానికి ఒక ఒడి దొరికింది.

కొత్త సినిమాల సంగతి వేరు. అందులో ఇద్దరు మగవాళ్ళు ప్రేమించుకోవాలంటే ముందు ఒక మంచి ఫ్లాటు ఉండాలి. కిటికీలోంచి సముద్రం కనబడాలి. కాఫీ పెద్ద కప్పులో తాగాలి. వాళ్ళు ఏడ్చినా వెలుతురు అందంగా పడుతుంది. ఒక సంతలో, ఒక రేకుల షెడ్డు కింద, చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయి ప్రేమించుకున్న వాళ్ళు ఆ సినిమాల్లో నాకు కనబడలేదు. ఈ మాట అంటే శాలిని గదిలో పిల్లలు తలూపారు, రాసుకున్నారు. కానీ నిజం చెప్పాలంటే నేను తప్పుపట్టింది సినిమాని కాదు. ఆ పెద్ద కప్పు నాకు దొరకలేదని అంతే.

మీరు సినిమా గురించి మాట్లాడేటప్పుడు ముందు మీ కుళ్ళు ఎక్కడుందో చూసుకోండి. నేను చూసుకోలేదు.

మిషన్ రూం

ప్రొజెక్టరు నడిపే మా ఆపరేటర్ పేరు బలిరామ్. జగ్దల్‌పూర్ దగ్గరి ఊరు. అక్కడి హల్బీ భాష మాట్లాడతాడు, హిందీ వచ్చు, తెలుగు ఒక్క ముక్క రాదు. తెలుగు సినిమా పెట్టె రాగానే నేను ముందు రోజు ఒక ఆట చూసేవాణ్ణి. తర్వాత మిషన్ రూంలో అతను తెగిన రీళ్ళు అతికిస్తుంటే పక్కన కూర్చుని కథంతా హిందీలో చెప్పేవాణ్ణి. అతను చేతులు ఆపకుండా వినేవాడు. నవ్వొచ్చే చోట మాత్రం ఆపేవాడు. హాల్లో మూడొందల మందికి చెప్పడం ఉద్యోగం. అతనికి చెప్పడం నా బతుకు.

ఏడేళ్ళు అలా గడిచాయి. ఒక్క మాట బయటికి రాలేదు. బజారులో ఇద్దరు మగవాళ్ళు చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిస్తే ఎవడూ పట్టించుకోడు. నేను మాత్రం అతని చెయ్యి పట్టుకోలేకపోయేవాణ్ణి, పట్టుకుంటే నా మొహం చెప్పేస్తుందని.

ఆ రోజుల్లో సంత మ్యాట్నీకి ప్రతి వారం ఇద్దరు ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. ఇద్దరిదీ కొంట దగ్గర ఎర్రబోరు అనే ఊరు. పెద్దామె ముత్తమ్మ, చిన్నామె సోమి. నేల టికెట్‌లో, తెరకి దగ్గరగా, సరిగ్గా నా స్టూలు ముందు కూర్చునేవాళ్ళు. చింతపండు తట్టలు రెండూ ఒకదాంట్లో ఒకటి దోపి పక్కన పెట్టేవాళ్ళు. సోమి తల ముత్తమ్మ భుజం మీద ఉండేది. పాట వస్తే ముత్తమ్మ వేళ్ళు సోమి అరచేతిలో తాళం వేసేవి. చుట్టూ అంత జనం, ఎవరికీ ఏమీ కనబడేది కాదు. నాకు కనబడేది.

బలిరామ్‌కి కూడా కనబడింది. ఒకరోజు ఇంటర్వెల్‌లో కిందికి దిగి వచ్చి, "వాళ్ళిద్దర్నీ చూశావా సూర్యం, ఎంత హాయిగా ఉన్నారో" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళలో ఒక మెత్తదనం చూశాను. దానికి నేను పొంగిపోవాలి. నాకు వాళ్ళ మీద ఒళ్ళు మండింది. ఏడేళ్ళు నేను పక్కన కూర్చున్నా రాని మెత్తదనం, చింతపండు అమ్ముకునే ఇద్దరికి దొరికింది.

తప్పు

అప్పుడు వచ్చింది ఆ సినిమా. తెలుగుది, పాతదే, రెండోసారో మూడోసారో తిరిగి వచ్చింది. ఏరు పక్కన ఊళ్ళో ఇద్దరు ఆడ స్నేహితుల కథ. చివరి సీను రేవు. ఒకామె పడవలో ఉంటుంది, ఇంకో ఆమె గట్టు మీద. పడవ కదులుతుంది. పడవలో ఆమె ఏదో గట్టిగా అంటుంది, గట్టు మీద ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. అంతే, తెర పడిపోతుంది. పడవలో ఆమె అనే మాట ఇది. తిరిగి వస్తాను, నువ్వు ఈ రేవు దాటి పోకు, నా కోసం ఉండు.

బలిరామ్‌కి ఆ వారం కథంతా చెప్పాను, చివర తప్ప. "అది నువ్వే చూడు, తర్వాత చెబుతా" అన్నాను. ఆ మాట చెప్పే వంకతో నా మాట కూడా చెబుదామని అనుకున్నాను. అతను కూడా, "జగ్దల్‌పూర్‌లో ఇంకో హాలు వాళ్ళు రమ్మంటున్నారు. ఆట అయ్యాక నీతో మాట్లాడాలి" అన్నాడు.

సంత రోజు మ్యాట్నీ. చివరి రీలు. రేవు వచ్చింది. నా ముందు సోమి రెండు చేతులతో ముత్తమ్మ చెయ్యి పట్టుకుని, నోరు తెరిచి తెరకేసి చూస్తోంది. తర్వాత మాట కోసం నా వైపు తిరిగింది. హాలంతా నా వైపు తిరిగింది. ఆ క్షణాన నాకు అనిపించింది ఒక్కటే. నాకు లేనిది వీళ్ళకెందుకు?

మైకులో దోర్లీలో చెప్పాను. "నాకు సంబంధం కుదిరింది, నేను పోతున్నా, ఇక నన్ను మరిచిపో అంటోంది."

బొమ్మకి ఆ మాట అతికినట్టు సరిపోయింది. పడవ కదిలింది, గట్టు మీద ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది. కనబడేది చెప్పకు అన్నాడు సేట్. నేను వినబడేదాన్నే మార్చాను, పట్టుకునే వాడు లేడనుకున్నాను. సోమి వెక్కి వెక్కి ఏడ్చింది. ముత్తమ్మ నన్ను ఒకసారి చూసి, తట్టలు తీసుకుని, ఆమెను లేపి తీసుకుపోయింది.

బలిరామ్ మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. దోర్లీ అతనికి సగం సగమే తెలుసు.

"ఆమె ఏమంది చివర?" అని హిందీలో అడిగాడు.

నిజం చెబితే, మైకులో అబద్ధం ఎందుకు చెప్పావని అడుగుతాడు. ఎందుకో చెప్పాలంటే మొత్తం చెప్పాలి. అంత జనంలో మూట విప్పినట్టు. భయపడ్డాను.

"నన్ను మరిచిపో అంది" అన్నాను.

అతను "అలాగా" అన్నాడు. మాట్లాడాలన్నది ఏమిటో నేను అడగలేదు, అతను చెప్పలేదు. ఆ వారంలోనే పెట్టె సర్దుకుని జగ్దల్‌పూర్ వెళ్ళిపోయాడు. తర్వాత పెళ్ళయిందని విన్నాను.

ఆ తర్వాతి సంతకి ముత్తమ్మ ఒక్కతే వచ్చింది. సోమిని భోపాల్‌పట్నం వైపు ఒక ఊరికి ఇచ్చి పెళ్ళి చేశారని దుకాణంలో ఎవరో అన్నారు. ఆ రోజు నుంచి ముత్తమ్మ కనబడితే నేను సందు మార్చేవాణ్ణి. తర్వాత టీవీలొచ్చి హాలు మూతపడింది, రోడ్డు కూడా చాలా ఏళ్ళు బాగుండలేదు, మనుషులు ఎక్కడివాళ్ళు అక్కడే ఉండిపోయారు. నేను మాత్రం ఆ రేవు దగ్గరే ఉన్నాను. ఒక మాటతో ఇద్దర్ని విడగొట్టానని.

దంతెవాడ గదిలో

పోయిన నెల శాలిని ఆ సినిమా సంపాదించింది. బొమ్మ మీద గీతలు, కానీ ధ్వని బాగానే ఉంది. దుప్పటి మీద పడవ కదిలింది. తిరిగి వస్తాను, నా కోసం ఉండు. ముప్ఫై మంది ఆ మాట విన్నారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఒక కుర్రాడు, ఆ రోజుల్లోనే ఇంత ధైర్యంగా ఎలా రాశారండీ అన్నాడు. శాలిని తన స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది. అచ్చం ఆనాడు సోమి పట్టుకున్నట్టే పట్టుకుంది. మళ్ళీ అదే మంట, ఈ వయసులో.

"బాబాయ్, ఈ మాటను మీరు దోర్లీలో ఎట్లా చెప్పిండ్రు? ఒకసారి వినిపించండి" అంది శాలిని.

మైకు నా ముందు పెట్టారు. చెప్పే వీలు మళ్ళీ దొరికింది. "గుర్తు లేదమ్మా" అన్నాను.

మర్నాడు పొద్దున కొంట బస్సు ఎక్కాను. ఎర్రబోరు రాగానే, ఎవరో లాగినట్టు దిగేశాను. చచ్చేలోగా ఒక్కరికైనా ఆ మాట సరిగ్గా అప్పజెప్పాలి.

ఎర్రబోరు

రోడ్డు పక్క చాయ్ హోటల్లో ముత్తమ్మ ఇల్లెక్కడని అడిగాను.

"ఏ ముత్తమ్మ? ఇద్దరు ముసలమ్మలుంటరు, ఆ ముత్తమ్మనా?" అన్నాడు హోటలతను.

ఇద్దరు అన్న మాట నా చెవిన పడింది కానీ లోపలికి దిగలేదు. చూపించిన దారిన వెళ్ళాను. పెంకుటిల్లు, ముందు తడిక పందిరి. పందిరి కింద ఇద్దరు కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. ఒక చాట, దానికి అటొకరు ఇటొకరు. మూడడుగుల దూరంలో ఆగిపోయాను.

"ఎవరు... మైకయ్యనా?" అంది ముత్తమ్మ. "గొంతు లేకుంటే గుర్తుపట్టలేమనుకున్నవా? కూసో."

కూర్చున్నాను. ఎదురుగా ఉన్నది సోమి. జుట్టు నెరిసింది, నోరు మాత్రం అప్పటిలాగే కొంచెం తెరుచుకుని ఉంది. తెచ్చుకున్న మాటే దోర్లీలో గబగబా చెప్పేశాను. ఆ రోజు సినిమాలో ఆమె మరిచిపొమ్మని అనలేదని, నేనే అబద్ధం చెప్పానని.

ముత్తమ్మ గింజ తీయడం ఆపలేదు.

"తెలుసు" అంది, తెలుగులో.

"ఎట్లా తెలుసు?"

"నాకు తెలుగు రాదనుకున్నవా ఏంది? మీ సేట్ల దుకాండ్లల్ల చింతపండు అమ్మినదాన్ని. తెలుగు రాకుంటే తూకంల మునిగిపోనా? దీనికే రాదు. బయటికి వచ్చినంక బస్సు కాడ చెప్పిన. పోతా అనలేదే, వస్తా అన్నది, రేవు కాడ ఉండు అన్నది అని."

సోమి దోర్లీలో ఏదో అని పళ్ళు లేని నోటితో నవ్వింది. నాకు అర్థమైంది. మైకయ్యకి కడుపుమంట అని ఆ రోజే అనుకున్నారట.

"పెండ్లి అప్పటికే కుదిరింది, ఆగలే. ఆగదని మాకూ ఎరికే" అంది ముత్తమ్మ. "పోయేటప్పుడు ఇది నాకు అదే మాట చెప్పి పోయింది, సినిమాల ఆమె చెప్పినట్టు. నేను ఉన్న. మూడేండ్లకు వచ్చింది, కట్టుకున్న చీరతోటి. కులపోళ్ళు పంచాయితీ పెట్టిండ్రు, నాలుగు మాటలన్నరు, పోయిండ్రు. ఇగ చూస్తున్నవు గదా."

నా గుండె మీది బరువు దిగాలి. దిగలేదు. ముప్ఫై ఏళ్ళు వాళ్ళ కోసం ఏడ్చాను, వాళ్ళు ఇక్కడ ఒకే చాటలో గింజలు తీసుకుంటున్నారు. నేను చెడగొట్టింది ఏమీ లేదు. నా చేతిలో మిగిలింది ఆ పాత కుళ్ళొక్కటే. సోమి లేచి లోపలికి వెళ్ళి, సత్తు గ్లాసులో అంబలి తెచ్చి నా చేతిలో పెట్టింది. పోతూ పోతూ ముత్తమ్మ భుజం మీద చెయ్యి ఆనించి వంగింది. అది చూడలేక గ్లాసులోకి చూశాను.

"నీ మిషనాయన ఏడి?" అంది ముత్తమ్మ.

తలెత్తాను.

"అందరు బొమ్మను చూస్తుంటే ఆయన మిషన్ కిటికీల నుంచి నిన్ను చూసెటోడు. మేం ఎనక్కి తిరిగి చూసి నవ్వుకునెటోళ్ళం. ఆ రోజు నువ్వు చెప్పింది అబద్ధమని ఆయనకు ఎవరు చెప్పలేదా? ఆయన నీ కోసం ఉండలే?"

రోడ్డు మీద కొంట బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. నేను లేవలేదు.

"ఆయనకు తెలుగు రాదు ముత్తమ్మా" అన్నాను, నేనూ తెలుగులోనే.

సోమి అర్థం కాక ఆమె మొహంలోకి చూసింది. ముత్తమ్మ చాట పక్కకి జరిపి, నేనన్న మాటని ఉన్నదున్నట్టు ఆమెకి దోర్లీలో చెప్పింది.